గద్ద బొట్టు దగ్గరికి వచ్చినప్పుడు

చనిపోయిన ఇరవై ఆరేళ్లకి మా తమ్ముడు ఫణి మళ్లీ నాతో వీడియో గేమ్ ఆడాడు. మొదటిరోజే నన్ను ఓడించాడు.

అది ఆషాఢమాసం. మధ్యాహ్నం మూడు దాటింది. మావారు వీరభద్రం గారు షాపు నుంచి ఆటోలో మా పుట్టింటి టీవీ తెచ్చి హాల్లో దించారు. ఇరవై ఒక్క అంగుళాల డబ్బా టీవీ. నాలుగేళ్ల క్రితం దాకా మా అటక మీద అమ్మ పాత చీర చుట్టుకుని ఉండేది. "అలా వదిలేస్తే పాడైపోద్ది, షాపులో పెట్టి చూసుకుంటా" అని ఆయనే తీసుకెళ్లారు. ఇప్పుడు అద్దం మీద ఒక్క మరక లేకుండా తిరిగొచ్చింది. ఆ శుభ్రం చూసి నాకు మొదట కొంచెం వెలితిగా అనిపించింది. ఎందుకో ఆ క్షణాన ఆలోచించలేదు.

ఆటలో ఒక మనిషి నెత్తిన బుట్ట పెట్టుకుని గోతులు దూకుతూ పోతాడు. క్యాసెట్ మీద చైనా అక్షరాలుండేవి కాబట్టి అసలు పేరు మాకు ఎప్పుడూ తెలియలేదు. వాణ్ణి మేము బుట్టోడు అనేవాళ్లం. ఒకరి బుట్టోడు గోతిలో పడితే రెండోవాళ్ల వంతు. నేను రెండో గోతిలోనే పడ్డాను. రెండో రిమోట్ చాప మీద ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. టీవీ పక్కన బియ్యం డబ్బా అంత నల్లటి యంత్రం ఒకటి సన్నగా మోగుతోంది.

బుట్టోడు కదిలాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఆగాడు. తర్వాత పరిగెత్తాడు.

అలా వెనక్కి అడుగులు వేసేవాడు లోకంలో ఒక్కడే.

టీవీ వచ్చిందని మేడ దిగొచ్చి కందిపప్పు ఏరుకుంటున్న అమ్మ చేట కింద పెట్టి, "ఎవరే ఆడేది?" అంది.

మావారు నేలమీద గొంతుక్కూర్చుని ఉన్నారు. తలెత్తకుండానే, "ఫణి, అత్తయ్య గారూ" అన్నారు.

*

మావారిది కాకినాడలో టీవీ రిపేరు షాపు. పల్చటి టీవీలు వచ్చాక ఆ పని దాదాపు పోయింది. మళ్లీ కాలేజీ పిల్లలే దాన్ని బతికించారు. పాత ఆటలు కొత్త టీవీలో ఆడితే బటన్ నొక్కిన తర్వాత ఒక రెప్పపాటు ఆలస్యంగా బొమ్మ కదులుతుందట. డబ్బా టీవీలో నొక్కీ నొక్కగానే కదులుతుంది. అందుకని పాతవాటిని వెతికి బాగుచేయించుకుని పట్టుకెళ్లేవాళ్లు. మావారు చుట్టుపక్కల ఊళ్ల అటకలన్నీ గాలించారు.

అలా వచ్చిన పిక్చర్ ట్యూబులు శుభ్రం చేస్తుండగా ఆయనకి ఒక సంగతి కనబడింది. ఏళ్ల తరబడి ఒకే ఆట ఆడిన ట్యూబు లోపలి పూత ఒకేలా అరగదు. బొమ్మ ఎక్కడ ఎక్కువసేపు నిలబడితే అక్కడ ఎక్కువ అరుగుతుంది. ఎక్కడ నిలబడింది, ఎంతసేపు వెనకాడింది, ఎప్పుడు దూకింది అన్నది ఆడినవాడి చేతిని బట్టి ఉంటుంది. మా అమ్మ రోలు చూడగానే రుబ్బినామె కుడిచేతి మనిషో ఎడమచేతి మనిషో చెప్పేస్తుంది. ఆయన చేసిన పని కూడా అదే. ఇంజనీరింగ్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే జోగేశ్వర శర్మ గారు లెక్కలు కట్టిపెట్టారు. ఇద్దరూ కలిసి, అరుగుదలని చదివి, ఆడినవాడి చేతిని తిరిగి ఆడించే యంత్రం తయారుచేశారు.

అది పనిచేస్తుందనడానికి మా వీధి సెలూన్ నూకరాజే సాక్షి. అతని చిన్నప్పటి టీవీ మా షాపుకే వచ్చింది. యంత్రం పెట్టగానే బుట్టోడు వెళ్లి మూడో గోతిలో పడ్డాడు. మళ్లీ వెళ్లి మళ్లీ అక్కడే పడ్డాడు. నూకరాజు దువ్వెన చేతిలో పట్టుకుని పడీపడీ నవ్వాడు.

"అది నేనేనండి బాబూ. పదేళ్లు ఆ గోతిలోనే పడ్డానండి. మా అన్న నన్ను గొయ్యిరాజు అనేవోడండి, ఆయ్."

"ఇప్పుడు ఆడితే?" అని అడిగాను.

అతను రిమోట్ తీసుకుని ఆడాడు. సరిగ్గా అక్కడే పడ్డాడు. "సూశారా మేడమ్ గారూ, మనిషి మారడండి."

అది నా కళ్లతో చూశాను. అందుకే ఫణిని నమ్మాను. ఈ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే నేను వెర్రిదాన్నని అనుకుంటారు.

*

ఫణి ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా కామెర్లు ముదిరి పోయాడు. వాడికి పదిహేడు, నాకు పంతొమ్మిది. నా పెళ్లి ఆ తర్వాత నాలుగేళ్లకి జరిగింది. అంటే మావారు వాణ్ణి చూడనే లేదు.

ఆషాఢం నుంచి మా మధ్యాహ్నాలు మారిపోయాయి. వంటిల్లు సర్దుకుని మూడింటికి చాప పరిచేదాన్ని. నా వంతు, వాడి వంతు. మోకాళ్లు నొప్పులని మేడ మీది గదిలోంచి దిగని అమ్మ, మూడయ్యేసరికి గోడ పట్టుకుని దిగొచ్చేది. బుట్టోడు పడితే "మెల్లగారా" అనేది. నెగ్గితే నా వైపు చూసి, "నువ్వెప్పుడూ వాడికి సాటి కాదులే" అనేది. డెబ్బై రెండేళ్ల మనిషి నన్ను అలా వెక్కిరించి ఎన్నాళ్లయిందో.

రాత్రి భోజనాల దగ్గర మావారు అడిగేవారు.

"ఇవాళ ఎలా ఆడాడు?"

నేను చెప్పేదాన్ని. అక్కడితో ఆగకుండా అప్పటి సంగతులన్నీ చెప్పేదాన్ని. క్యాసెట్ పనిచేయకపోతే ఊది చొక్కాకి తుడిచేవాడని, ఓడిపోతే రిమోట్ వైరు తప్పనేవాడని. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నా మాట అంత శ్రద్ధగా విన్నది లేదు. చారు చల్లారిపోతున్నా వినేవారు. "అప్పుడేం చేసేవాడు? ఎంతసేపు ఆగేవాడు?" అని కొసరి అడిగేవారు. పడుకున్నాక ఒక్కోసారి ఆ ప్రశ్నలు గుర్తొచ్చి సంతోషంగా ఉండేది. ఈ వయసులో మొగుడు నన్ను వింటున్నాడనుకున్నాను.

శ్రావణమాసంలో ఒకరోజు చెప్పాను: ఆట చివర జెండా ముట్టుకునే ముందు ఫణి బుట్టోణ్ణి రెండుసార్లు ఊరికే గెంతించేవాడు. వంటింట్లో ఉన్న అమ్మని చూడమని పిలవడానికి. ఆ చప్పుడు వినగానే అమ్మ వచ్చేది.

ఆ తర్వాతి బుధవారం బుట్టోడు జెండా ముందు ఆగి రెండుసార్లు గెంతాడు. అమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "చూస్తున్నానురా, చూస్తున్నాను" అంది. ఆమె కళ్లు తుడుచుకుంటూంటే నేను టీవీ వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆరు వారాలుగా ఎందుకు గెంతలేదు?

ఆయన్ని అడిగాను. "చదవడం ఇంకా అవుతానే ఉంది మందాకినీ. పై పొర తీస్తే కింది పొర వస్తది. ఒకేసారి అంతా రాదు" అన్నారు. సబబుగానే ఉంది. కానీ చెబుతూ మజ్జిగ అన్నంలో ఉప్పు రెండుసార్లు వేసుకున్నారు.

బీఎస్సీలో మా ప్రాక్టికల్స్ మేడమ్ ఒకావిడ ఉండేవారు. ఫలితం మీకు మరీ నచ్చిందంటే ఇంకోసారి చేసి చూడండి అనేవారు. నేను కూర్చుని గుర్తుచేసుకున్నాను. మొదటిరోజు బుట్టోడు వేసిన ఆ రెండు అడుగులు కూడా, పెళ్లయిన కొత్తలో ఎప్పుడో ఈయనకి చెప్పినవే. భాద్రపదమాసం దాకా, వాడు చేసినవాటిలో నేను చెప్పనిది ఏదైనా ఉందా అని వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

నేను ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది.

మా ఇంట్లో దసరా నవమి రోజు ఆయుధపూజ అంటే కత్తిపీటకీ, కుట్టుమిషనుకీ, టీవీకీ అన్నిటికీ బొట్టే. అమ్మ టీవీ అద్దం మీద, మనం ఎదురుగా కూర్చుంటే ఎడమ పక్క పై మూలన, గంధం పెట్టి కుంకుమ అద్దేది. దానంతటది రాలేదాకా తుడవనిచ్చేది కాదు. ఆటలో మూడో గోతి మీద ఒక గద్ద ఇటు చివర నుంచి అటు చివరకి తిరుగుతూ ఉంటుంది. గద్ద ఏ చివర ఉన్నా గోతిలో తేలే పలక గట్టుకి దగ్గరగా వస్తుంది. ఎప్పుడు దూకాలన్నది ఆడేవాడి ఇష్టం. గద్ద ముక్కు అమ్మ బొట్టుకి తగలగానే ఫణి దూకేవాడు. బొట్టు రాలిపోయాక కూడా అక్కడ పసుపు మరక మిగిలేది. వాడికి అదే గుర్తు. టీవీ తిరిగొచ్చిన రోజు నాకు వెలితిగా తోచింది ఆ మరక లేకపోవడం.

మూడు నెలలుగా మూడో గోతి దగ్గర బుట్టోడు ఎప్పుడు పడితే అప్పుడు దూకుతున్నాడు.

ఆ రాత్రి బెండకాయ వేపుడు వడ్డిస్తూ ఆయనకి బొట్టు సంగతి చెప్పాను. గద్ద సంగతీ చెప్పాను. ఒక్క మాట మాత్రం మార్చాను.

"కుడి పక్క పై మూల" అన్నాను.

ఆయన తినడం ఆపి, "కుడి పక్కా?" అన్నారు.

"ఆ, కుడి పక్కే."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు. ఏదో అనబోయి మానేశారు. ఆ చూపుకి అర్థం నాకు చాలా రోజుల దాకా తెలియలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడో గోతి వచ్చింది. గద్ద ఎడమ మూలకి వెళ్లింది. బుట్టోడు కదల్లేదు. గద్ద కుడి మూలకి వచ్చింది. బుట్టోడు దూకాడు.

"భేష్" అంది అమ్మ వెనక నుంచి. ఆమెకి కళ్లజోడు లేదు.

అప్పుడే అడిగేయాల్సింది. అడగలేదు. అడిగితే మూడింటికి చాప పరిచే పని ఉండదు, అమ్మ మెట్లు దిగదు. అది ఫణి కాదని తెలిసి కూడా పదకొండు రోజులు దానితో ఆడాను. వాడి వంతు వచ్చినప్పుడు రిమోట్ వాడి వైపు జరిపేదాన్ని కూడా.

*

హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్లు యంత్రం చూడ్డానికి వస్తున్నారన్నారు. పోయినవాళ్లతో మళ్లీ ఆడుకోవచ్చని ఇంటింటికీ దాన్ని ఇస్తారట. నూకరాజులాంటి బతికున్నవాళ్ల సాక్ష్యం వాళ్లకి చాలదు. ఇది మా మనిషే అని పోయినవాడి ఇంటివాళ్లు ఒకరు చూసి చెప్పాలి, సంతకం పెట్టాలి. నవమి రోజు కాలేజీకి సెలవు, ల్యాబు ఖాళీగా ఉంటుందని శర్మ గారు అదే రోజు పెట్టారు.

"అమ్మ వద్దండి, నేనొక్కదాన్నే వస్తాను" అన్నాను.

"అత్తయ్య గారు కన్నతల్లి కదా. ఆవిడ చెబితే ఇంక ఎవరు కాదంటారు?"

"అమ్మ రావద్దు."

"నీకేమైంది?" అన్నారు ఆయన. ఈలోగా అమ్మ పట్టుచీర కట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని, కుంకుమ భరిణె కొంగులో ముడేసుకుని మెట్లు దిగింది.

ల్యాబులో యంత్రాలన్నిటికీ అప్పటికే అటెండరు బొట్లు పెట్టేసి ఉన్నాడు. అమ్మకి అది నచ్చింది. కంపెనీ తరఫున వచ్చిన నివేదిత అనే అమ్మాయి మాకు కుర్చీలు వేయించి, అమ్మ కాళ్లకి దణ్ణం కూడా పెట్టింది. మంచి పిల్లే. అమ్మ కుర్చీలో కూర్చోకుండా తిన్నగా, ఉదయమే అక్కడికి చేర్చిన మా టీవీ దగ్గరికి వెళ్లి భరిణె తీసింది.

"అద్దం మీదేనా అమ్మా?" అని శర్మ గారు నవ్వారు.

"మా ఇంట్లో అంతేనండి. వాడికి అలవాటు."

ఆమె చెయ్యి ఎడమ పక్క పై మూలకి వెళ్లింది. గంధం, దాని మీద కుంకుమ. నేను మావారి వైపు చూశాను. ఆయన ఆ చేతినే చూస్తున్నారు. తర్వాత నన్ను చూశారు. ఆ ఒక్క చూపులో ఇద్దరం ఒకరికొకరం దొరికిపోయాం.

ఆపడానికి ఆయన చేయి ముందుకు చాచారు. అప్పటికే నివేదిత ఆట మొదలుపెట్టమంది.

బుట్టోడు రెండడుగులు వెనక్కి వేసి పరిగెత్తాడు. మొదటి గొయ్యి, రెండో గొయ్యి దాటాడు. మూడో గోతి దగ్గర ఆగాడు. గద్ద ఎడమకి వెళ్లింది. దాని ముక్కు తడి కుంకుమకి తగిలింది. అమ్మ ముందుకు వంగి, "ఊఁ, దూకు" అంది.

వాడు దూకలేదు. గద్ద తిరిగి కుడికి వచ్చింది. అక్కడ, ఏమీ లేని మూల దగ్గర, దూకాడు.

"అదేంట్రా" అంది అమ్మ. అమ్మ మా అందరి మొహాలూ చూసి, సర్దిచెబుతున్నట్టు, "వాడికి బొట్టు కనపడలేదేమో. చిన్నదైపోయింది. కాస్త పెద్దది పెడతానుండండి" అని మళ్లీ భరిణె తీస్తోంది.

నేను లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

నివేదిత మెల్లగా అడిగింది. "మేడమ్, ఈయన మీ తమ్ముడేనా?"

"కాదండి" అన్నాను.

ఆటోలో వస్తుంటే అమ్మ ఇంటి మలుపు దగ్గర, "మరి ఇన్నాళ్లూ నేను పలికింది ఎవరికే, మందా?" అంది. ఇంటికి రాగానే మేడ ఎక్కి తలుపు వేసుకుంది. మళ్లీ మూడింటికి దిగలేదు.

*

సాయంత్రం ఆయన వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డారు. నేను పొయ్యి కట్టేశాను.

"అంతా అబద్ధమేనా?" అన్నాను.

"యంత్రం అబద్ధం కాదు. నూకరాజుని చూశావు కదా."

"నేను నూకరాజు గురించి అడగలేదు."

ఆయన గడప మీదే కూర్చున్నారు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. నాలుగేళ్ల క్రితం అటక మీద నుంచి టీవీ తీసుకెళ్లింది దుమ్ము పడుతుందని కాదు. అప్పటికి యంత్రం మొదటి రూపంలో ఉంది. దాన్ని దేని మీదైనా పెట్టి చూడాలి. ఎక్కువగా ఒక్కరే ఏళ్ల తరబడి ఆడి, ఆ తర్వాత ఇంకెవరూ ముట్టుకోని ట్యూబు కావాలి. అలాంటిది ఆయనకి తెలిసినంతలో ఒక్కటే ఉంది.

"ఆ మొదటిదానికి చదవాలంటే ట్యూబుని పూర్తిగా వెలిగించాలి. చదివిన చోటల్లా పూత మాడిపోయేది. అలా మాడుద్దని నాకు తెలీదు మందాకినీ. చదువుతా ఉండగా తెలిసింది."

"అడిగి ఉండాల్సింది."

"అడిగితే ఇచ్చేదానివి కాదు."

ఆ మాట నిజం. ఇచ్చేదాన్ని కాదు.

మాడిన ట్యూబు తీసేసి, అదే సైజుది పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చి మా డబ్బాలో బిగించారు. తర్వాతి యంత్రాలు మెత్తగా చదవడం నేర్చుకున్నాయి. వాటికి నూకరాజు దొరికాడు, ఇంకెందరో దొరికారు. ఫణి మాత్రం లేడు. కంపెనీవాళ్లు పోయినవాడి సాక్ష్యం అడిగేసరికి, చదవడానికి ఏమీ లేని ఆ టీవీ పక్కన నా మాటలతో నింపిన యంత్రం పెట్టారు. చారు చల్లారిపోతున్నా విన్నది అందుకే.

"మాడిపోక ముందు," అన్నాను, "వాడు కనిపించాడా?"

"పద్నాలుగు సెకన్లు."

వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"మూడో గోతి దగ్గర నిలబడ్డాడు. గద్ద ఒకసారి అటూ ఇటూ తిరిగింది. తర్వాత దూకాడు. దూకాక తెల్లగా వెలిగి మాడిపోయింది."

"ఏ మూలకి వచ్చినప్పుడు దూకాడు?"

"ఎడమ మూలకి. అప్పుడది ఎందుకో నాకు తెలీదు. అక్కడేదో మరకుంటే ముందే స్పిరిట్ పెట్టి తుడిచేశాను. నువ్వు కుడి అన్నావు కదా ఆ రోజు. అక్కవి, నీకంటే నాకు ఎక్కువ తెలుసా అనుకున్నా. నేనే తప్పు చూశానేమో అనుకున్నా. కుడికి మార్చి రోజుకి వందసార్లు ఆడించి చూసుకున్నా. ఇప్పుడు కళ్లు మూసుకుంటే..."

"మూసుకుంటే?"

"కుడి మూలే కనిపిస్తంది."

ఫణి చేసిన ఆఖరి పనిని కళ్లారా చూసినవాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఆ ఒక్కడి కళ్లలోనూ దాన్ని నేనే చెరిపేశాను. అబద్ధం పట్టుకోవడానికి వేసిన గాలం అది.

ఆ తర్వాత కొన్నాళ్లు రోజూ అడిగాను. కోపంతో కాదు. కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, ఏం కనబడుతోందో చెప్పమనేదాన్ని. మొదట్లో తడబడేవారు. కుడి అనేవారు, కాదు ఎడమ అనేవారు, తెలీదనేవారు. ఆ తడబాటులో ఎక్కడో మా వాడు ఉన్నాడని నా ఆశ. రోజులు గడిచేకొద్దీ తడబాటు తగ్గింది. రెండడుగులు వెనక్కి వేశాడన్నారు. తర్వాత ఇంకోటి చేర్చారు. నిన్న మధ్యాహ్నం నేను అడగకముందే, కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఎడమ మూలే మందాకినీ. బాగా గుర్తొచ్చింది. రెండుసార్లు గెంతాడు కూడా" అన్నారు.

మూడో గోతి దగ్గర వాడు గెంతేవాడు కాదు. జెండా దగ్గరే గెంతేవాడు.

నేను సరేనన్నాను. గ్లాసు తీసుకెళ్లి కడిగేశాను. ఇవాళ అడగలేదు.